బొంగరాన్ని ఎక్కడ కింద పెట్టాలి

పెదవాల్తేరు,
విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మొదటిసారి ఇంట్లో చదివాను. రెండోసారి తెల్లవారి ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చుని, పెన్ను పట్టుకుని చదివాను. కణం నుంచి గెలాక్సీ దాకా అన్నీ ఎందుకు తిరుగుతున్నాయన్న ప్రశ్న ఎత్తుకున్నావు. ఇరవై రెండేళ్లకే ఇంత పెద్ద ప్రశ్న జోలికి వెళ్లావంటే నాకు నిజంగా సంతోషం. అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను.

నీ మొదటి వాక్యం కొట్టేశాను. "విశ్వంలో ప్రతిదీ తిరగాలన్నది ప్రకృతి నియమం" అన్నావు. అలాంటి నియమం లేదమ్మా. ఉన్నది వేరు. ఒక వస్తువుకి తిరుగుడు ఒకసారి వచ్చిందంటే, బయట నుంచి ఏదో ఒకటి మెలిపెడితే తప్ప అది పోదు. కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం అని పాఠాల్లో చదువుకున్నది ఇదే. ఆ పేరు ఒక్కసారి రాసి వదిలెయ్. ఎవరు తిప్పారన్న ప్రశ్న దగ్గరే పాఠకుణ్ని ఆపకు. అసలు తిరగకుండా ఉండటం ఎంత కష్టమో చూపించు.

అంతరిక్షంలో ధూళీ వాయువూ కలిసిన మేఘం ఒకటి ఊహించుకో. అందులో ప్రతి ముద్దా ఏదో ఒక వైపు కదులుతూనే ఉంటుంది. ఆ సుడులన్నీ కూడితే కచ్చితంగా సున్నా రావడానికి దారి ఒక్కటే. రాకపోవడానికి లెక్కలేనన్ని. కాబట్టి ఎంతో కొంత మిగులుతుంది. మేఘం తన బరువుకి తానే కుంగేకొద్దీ ఆ కాస్త మిగులే వేగం పుంజుకుంటుంది. 457 కోట్ల ఏళ్ల కిందట మన సూర్యుడూ గ్రహాలూ పుట్టింది ఇలాంటి మేఘంలోనే. గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ ఒకే వైపు తిరగడం ఆ మేఘం నుంచి వచ్చిన వారసత్వం.

కుంగితే వేగం ఎందుకు పెరుగుతుందో చెప్పడానికి మంచు మీద జారుతూ చేతులు ముడిచే నర్తకి ఉదాహరణ ఇచ్చావు. ఇంగ్లీషు పుస్తకాలన్నిట్లో అదే ఉంటుంది. మన ఊళ్లో దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది? తిరిగే కుర్చీలో కూర్చుని, రెండు చేతుల్లో చెరో లీటరు నీళ్ల సీసా పట్టుకుని, చేతులు చాపి, ఎవరి చేతనైనా మెల్లగా తిప్పించుకో. సీసాల్ని గుండెకి దగ్గరగా లాక్కో. నీ ఒంటికి తెలుస్తుంది. ఒంటికి తెలిసిందే రాయి. అక్కణ్నుంచి నేరుగా కర్కాటక నీహారికకి తీసుకెళ్లవచ్చు. 1054లో మనుషులు పేలగా చూసిన నక్షత్రం మిగిల్చిన మేఘం అది. ఆ నక్షత్రం నడిమి ముద్ద కుంగి ఇరవై కిలోమీటర్ల అడ్డు ఉన్న బంతి అయింది. ఇప్పుడది సెకనుకి ముప్పై సార్లు తిరుగుతోంది.

ఇక్కడ చురుకైన పాఠకుడు నిన్ను పట్టుకుంటాడు. కుంగితే వేగం పెరిగేటట్టయితే, అంత పెద్ద మేఘం కుంగి పుట్టిన సూర్యుడు మహా వేగంగా తిరగాలి కదా? మన సూర్యుడు నడుము దగ్గర ఒక్క చుట్టు తిరగడానికి దాదాపు 25 రోజులు తీసుకుంటాడు. ఆ తిరుగుడంతా ఎక్కడికి పోయింది? నీ వ్యాసంలో ఈ ప్రశ్నే లేదు. నాకైతే కథంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. సౌరకుటుంబం బరువులో 99.8 శాతం సూర్యుడిదే. తిరుగుడులో మాత్రం అతని వాటా నూటికి ఒక పాలు కూడా లేదు. సగానికి పైగా ఒక్క గురుడి దగ్గరే ఉంది, దూరాన పెద్ద చుట్టు చుట్టే పనిలో. ఇది చాలదని సూర్యుడి అయస్కాంత క్షేత్రం చేతులు చాపి సౌర పవనాన్ని, అంటే సూర్యుడి నుంచి ఎగిరిపోయే కణాల ధారని, తనతో పాటు తిప్పుతుంది. ఆ పవనం వెళ్తూ వెళ్తూ కొంత తిరుగుడు పట్టుకుపోతుంది. సూర్యుడు కోట్ల ఏళ్లుగా అలా నెమ్మదిస్తూ వచ్చాడు. దీనికి రెండు పేజీలు ఇవ్వు. తన చుట్టూ తాను వెనక్కి తిరిగే శుక్రుడికీ పక్కకి ఒరిగి పడుకున్న యురేనస్‌కీ రెండు వాక్యాలు చాలు.

మేఘం పళ్లెంలా పరుచుకోవడం గురించి రాసిన పేరా పొడిగా ఉంది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటికి ఒక పొద్దున వెళ్లు. విసురు వల వేసేవాణ్ని చూడు. నడుము తిప్పి వల వదులుతాడు. గాలిలో అది గుండ్రంగా విచ్చుకుని, అంచున సీసం గుళ్లు వెడల్పుగా పరుచుకుని నీళ్ల మీద పడుతుంది. తిప్పకుండా వదిలితే ముద్దగా పడుతుంది. ఈ ఉదాహరణ వాడుకో, కానీ దాని పొలిమేర కూడా చెప్పు. వలలో గుళ్లు బయటికి వెళ్తాయి. మేఘంలో ధూళి లోపలికి పడుతుంది. పైనుంచీ కిందనుంచీ పడేదానికి అడ్డు లేదు, పక్కల నుంచి వచ్చేదాన్ని మాత్రం తిరుగుడు ఆపుతుంది. అందుకే పళ్లెం అవుతుంది. పైగా వలకి జాలరి చెయ్యి ఉంది. మేఘానికి చెయ్యి లేదు.

హుద్‌హుద్ తుపాను గురించి చివర్లో నాలుగు వాక్యాలతో సరిపెట్టావు. దాన్ని మొదటికి తీసుకురా. 2014 అక్టోబరు 12న నువ్వు బడికెళ్లే పిల్లవి, అయినా గుర్తుండే ఉంటుంది. పొద్దున్నుంచీ ఒక దిక్కు నుంచి కొట్టిన గాలి మధ్యాహ్నం కాసేపు చప్పున ఆగింది. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. తర్వాత ఎదురు దిక్కు నుంచి మొదలైంది. మన తల మీదుగా తుపాను కన్ను దాటిందన్నమాట. భూమి తిరుగుతోందన్న సంగతి ఇంత దగ్గరగా చూసిన ఊరు మనది. ఎందుకో వివరించు. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి పోతుంది. విశాఖలో 1,590. ఉత్తరానికి పోయేకొద్దీ ఇంకా తక్కువ. దక్షిణం నుంచి వచ్చే గాలి ఆ ఎక్కువ వేగం మోసుకొస్తుంది కాబట్టి తూర్పుకి, అంటే తన కుడివైపుకి జరుగుతుంది. అన్ని వైపుల నుంచీ నడిమికి దూసుకొచ్చే గాలులు ఇలా తప్పుకుంటూ పోతే మన అర్ధగోళంలో గడియారం ముల్లుకి ఎదురుగా సుడి తిరుగుతుంది. భూమధ్యరేఖని ఆనుకుని గాలి ఇలా పక్కకి జరగడం దాదాపుగా ఉండదు, అందుకే అక్కడ తుపాన్లు దాదాపుగా పుట్టవు. సింకులో నీళ్లు కూడా ఈ లెక్క ప్రకారమే తిరుగుతాయని రాశావే, అది తీసెయ్. సింకు అంత చిన్నదాని మీద ఆ ప్రభావం బొత్తిగా లెక్కలోకి రాదు.

మన ఊరి మాట ఇంకొకటి. గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే ఇక్కడ, డాబా గార్డెన్స్‌లో నక్షత్రాల్ని పరిశీలించే వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించారు. ఆ వీధుల్లో నడుస్తూ ఈ వ్యాసం రాస్తున్నావని మర్చిపోకు. మేడ మీద నిలబడి, ఒక నక్షత్రం ఎదురింటి ట్యాంకు అంచుకి చేరే సమయం వారం రోజులు రాసుకో. రోజుకి దాదాపు నాలుగు నిమిషాలు ముందుగా వస్తుంది. భూమి అసలు చుట్టు 23 గంటల 56 నిమిషాలేనని నీకు నువ్వే పట్టుకుంటావు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. ఎలక్ట్రాన్‌ని చిన్న బొంగరంలా రాశావు. నేనూ మొదట్లో అలాగే రాశాను. వ్యాసం అచ్చయిన వారానికి ఒక లెక్చరర్ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "బంతి అయితే దాని అంచు కాంతికంటే వేగంగా తిరగాలి, లెక్క చూసుకోండి" అని. లెక్క వేశాను. ఆయన చెప్పిందే నిజం. నా మాట నమ్మిన పాఠకులకి నేను తప్పు బొమ్మ ఇచ్చాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

1925లో ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిత్ అనే భౌతికశాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్‌కి స్పిన్, అంటే తిరుగుడు, ఉందన్నారు. పేరు మిగిలింది, బంతి బొమ్మ నిలవలేదు. దాన్ని ఒక పూర్తి చుట్టు తిప్పితే మొదటి స్థితికి రాదు, రెండు చుట్లు కావాలి. మన చేతిలో ఏ బొంగరమూ అలా ప్రవర్తించదు. అలాగని స్పిన్ వట్టి పేరనీ రాయకు. 1915లోనే ఐన్‌స్టీన్, డి హాస్ ఒక ఇనప కడ్డీని వేలాడదీసి దాని అయస్కాంతత్వం మారిస్తే కడ్డీయే తిరిగింది. తిరుగుడు లెక్కలో కణాల వాటా నిజమైనదే. మేఘానిది వచ్చిన తిరుగుడు, ఎలక్ట్రాన్‌ది పుట్టుకతో ఉన్న గుణం, బరువూ ఆవేశమూ ఉన్నట్టే. "కణాలు తిరుగుతున్నాయి కాబట్టే గెలాక్సీలు తిరుగుతున్నాయి" అన్న నీ వాక్యం అందుకే నిలబడదు. అందంగా ఉంది, నాకు తెలుసు. అయినా తీసెయ్యాలి.

గెలాక్సీల తిరుగుడుకి ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే కారణం వేరు. తొలినాళ్లలో ఎగుడుదిగుడుగా ఉన్న ముద్దలు పక్కవాటిని లాగి, మెలిపెట్టి, ఒకదానికి ఇటు తిరుగుడు, ఇంకొకదానికి అటు తిరుగుడు ఇచ్చాయి. ఖగోళ శాస్త్రవేత్త వీరా రూబిన్, కంటికి కనపడని కృష్ణ పదార్థం గురించిన పేరాలు పక్కన పెట్టు. బాగా రాశావు, కానీ అది మరో వ్యాసం.

వచ్చే ఆదివారం ఏటికొప్పాక వెళ్తున్నాను, నువ్వూ రా. అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగాలి. తిరిగే అంకుడు కర్రకి లక్క పుల్ల ఆనిస్తే రాపిడి వేడికి కరిగి రంగు ఎలా అంటుకుంటుందో చూద్దువుగాని. అక్కడి బొంగరం ఒకటి తిప్పి, వేగం తగ్గేటప్పుడు అది తల తిప్పే తీరు జాగ్రత్తగా గమనించు. మన భూమి ఇరుసు కూడా అలాగే తల తిప్పుతుంది, ఒక్క చుట్టుకి సుమారు 26,000 ఏళ్లు. ఆ పేరా నువ్వింకా రాయలేదు.

మూడో పేజీలో రెండు చోట్ల "పరిభ్రమణం" అని పడింది, అక్కడ "భ్రమణం" (తన చుట్టూ తాను తిరగడం) ఉండాలి. సరిచేసిన ప్రతి ఆదివారం తెచ్చివ్వు, బస్సులో చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు