ఈక్వల్ లెంగ్త్ హెడర్ వేశాక సుబారు గుడగుడ ఎందుకు పోయింది?

బ్రదర్, మీ 2018 సుబారు ఎస్‌టీఐకి ఈక్వల్ లెంగ్త్ హెడర్ (సిలిండర్ల నుంచి పొగను బయటికి తెచ్చే సమాన పొడవు గొట్టాలు) వేయించాక ఆ గుడగుడ పోయి మామూలు కారులా మోగుతోందన్నారు. హెడర్‌లో లోపమేమీ లేదు, దాని పనే అది.

మీ కారులోని ఈజే ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో ఇంధనం మండే వరుస) 1-3-2-4. అంటే వరుసగా రెండు కుడివైపు సిలిండర్లు, ఆ తర్వాత రెండు ఎడమవి. కంపెనీ హెడర్‌లో ఎడమవైపు దారి పొడవు, కాబట్టి అటు నుంచి వచ్చే పొగ టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టే పంపు) దగ్గరికి లేటుగా చేరుతుంది. దాంతో పొగ దెబ్బల మధ్య ఎడం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. తాళం తప్పిన డప్పులాగా వినిపించే ఆ గుడగుడ అదే. గొట్టాలు సమానమైతే ప్రతి 180 డిగ్రీలకూ ఒక దెబ్బ, అంతే.

పవర్ సంగతికొస్తే, టర్బో కాస్త ముందే స్పూల్ కావచ్చు, అంటే వేగం అందుకోవచ్చు. మరీ ఎక్కువ ఆశించకండి. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) మారే అవకాశం ఉంది కాబట్టి ఇంజన్ కంప్యూటర్‌ని ట్యూన్ చేయించేదాకా గట్టిగా తొక్కొద్దు.

మఫ్లర్ మారిస్తే మోత పెరుగుతుంది గానీ ఆ లయ రాదు, డబ్బు దండగ. గుడగుడే ముఖ్యమైతే పాత హెడర్ తిరిగి బిగించుకోండి. నేనైతే అదే చేస్తాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్‌మంటే మాత్రం గ్యాస్కెట్ లీక్ కావచ్చు, హెడర్ ఇంజన్ హెడ్‌కి కలిసే చోట నల్లటి మసి ఉందేమో చూడండి.