ఏ దిక్కున పేలింది సార్?

మీ అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడని, విశ్వం బిగ్ బ్యాంగ్‌తో మొదలైందని పుస్తకంలో చూసి "ఎక్కడ పేలింది? అంతకు ముందు ఏముంది? అసలు ఎవరు చూశారు?" అని అడుగుతున్నాడని, ఏం చెప్పాలో తోచడం లేదని రాశారు. నేను గుంటూరు జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఇవే ప్రశ్నలు నన్నూ అడిగారు.

మొదటి ఏడెనిమిదేళ్లు నేను తప్పు చెప్పాను. "విశ్వమంతా ఒకప్పుడు చిన్న ముద్దగా ఉండేది. అది బాంబులా పేలి, ముక్కలు నలుదిక్కులకీ ఎగిరిపోయాయి" అనేవాణ్ణి. ఒక ఏడాది రెండో బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి "ఏ దిక్కున పేలింది సార్? ఆ చోటు ఇప్పుడు ఖాళీగా ఉంటుందా?" అంది. సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రేపు చెబుతానమ్మా అన్నాను. ఆ రేపు రావడానికి మూడు వారాలు పట్టింది.

చిక్కంతా పేరులో ఉంది. బిగ్ బ్యాంగ్ అనే మాట ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోని బ్రిటిష్ ఖగోళశాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ నోటి నుంచి వచ్చింది, 1949లో బీబీసీ రేడియో ప్రసంగంలో. మనం దాన్ని మహా విస్ఫోటం అని తెలుగు చేసుకున్నాం. విస్ఫోటం అనగానే పిల్లలకి బాంబు, పొగ, ఎగిరే రాళ్లు కళ్ల ముందుకొస్తాయి. సిద్ధాంతం చెప్పేది అది కాదు. ఖాళీ చోటులో ఒక వస్తువు పేలలేదు. చోటే సాగడం మొదలుపెట్టింది, ఇప్పటికీ సాగుతూనే ఉంది.

ఈ మాట నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు. నేను పంక్చర్ షాపుకెళ్లి పాత సైకిల్ ట్యూబు ఒకటి తెచ్చాను. దాన్ని సన్నని పట్టీగా కోసి, బెత్తెడుకొకటి చొప్పున చొక్కా గుండీలు కుట్టించాను. ఇద్దరు పిల్లల్ని పిలిచి చెరో చివర పట్టుకుని, పట్టీ రెట్టింపు పొడవు అయ్యేదాకా లాగమన్నాను. మధ్యలో ఒక గుండీ మీద వేలు పెట్టి, ఇదే మనం అన్నాను. పక్క గుండీ బెత్తెడు దూరం జరిగింది. దాని తర్వాతది రెండు బెత్తెలు జరిగింది, మూడోది మూడు. ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా పోతోందన్నమాట. తర్వాత వేలు తీసి ఇంకో గుండీ మీద పెట్టి మళ్లీ లాగించాను. అక్కడి నుంచి చూసినా అదే లెక్క! ఏ గుండీ మీద కూర్చున్నా తానే నడుమ ఉన్నట్టు, మిగతావన్నీ తన నుంచి పారిపోతున్నట్టు కనిపిస్తుంది. నడిమి గుండీ అని ఒకటి లేదు.

ఆ అమ్మాయి కాసేపు పట్టీనే చూసి, "అయితే అది మన బడి ఉన్న చోట కూడా జరిగినట్టే కదా సార్" అంది. అవునమ్మా, ఇక్కడే జరిగింది, అన్ని చోట్లా జరిగింది అన్నాను. మీ అబ్బాయి మొదటి ప్రశ్నకి జవాబు ఇదే.

సుద్దతో చుక్కలు పెట్టకుండా గుండీలు కుట్టించడానికి కారణం ఉంది. రబ్బరు సాగినా గుండీ సాగదు. కోట్లాది నక్షత్రాల గుంపులైన గెలాక్సీలు, సూర్యకుటుంబం, మనం అలాగే. గురుత్వాకర్షణ, అణువుల మధ్య బలాలు పట్టి ఉంచుతాయి కాబట్టి వాటిలోపల చోటు సాగడం ఉండదు. మన పక్కనున్న ఆండ్రోమెడా గెలాక్సీ అయితే దూరంగా పోకపోగా మన వైపే వస్తోంది. గెలాక్సీలన్నీ దూరం జరుగుతున్నాయని పుస్తకంలో ఒక్క ముక్కలో రాస్తారు కానీ, ఇంత దగ్గర వాటికి ఆ మాట వర్తించదు.

ఇక గెలాక్సీలు దూరం జరుగుతున్నాయని ఎలా తెలిసింది? అదే రబ్బరు మీద సుద్దతో ఒక అల గీసి లాగండి, అల పొడుగవుతుంది. దూరపు గెలాక్సీల కాంతి కూడా దారిలో అలాగే సాగి, ఎరుపు వైపు జరిగి మన దగ్గరికి వస్తుంది. చోటు సాగుతోందనే సంగతి బెల్జియంలో చర్చి ఫాదర్, భౌతికశాస్త్రవేత్త కూడా అయిన లెమేత్ర్ 1927లో లెక్కగట్టి చెప్పాడు. 1929లో అమెరికాలోని మౌంట్ విల్సన్ కొండ మీది అబ్జర్వేటరీ నుంచి ఖగోళశాస్త్రవేత్త హబుల్ కొలతలు చూపించాడు. హబుల్‌తో కలిసి పనిచేసిన హ్యూమసన్ గురించి మా పిల్లలకి తప్పకుండా చెబుతాను. బడి మధ్యలో మానేసి, ఆ కొండ మీదికి కంచరగాడిదలతో సామాను తోలిన మనిషి. తర్వాత అక్కడే ఊడ్చే పనిలో చేరి, చివరికి గెలాక్సీల వేగాలు కొలిచాడు.

పదో తరగతికైతే బోర్డు మీద ఒక లెక్క వేయిస్తాను. కాంతి ఒక ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం. ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికీ గెలాక్సీలు దూరం జరిగే వేగం సెకనుకి సుమారు 70 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది. ఆ దూరం కిలోమీటర్లలో కావాలంటే 3.09ని పది టు ది పవర్ పంతొమ్మిదితో, అంటే ఒకటి పక్కన పంతొమ్మిది సున్నాలున్న సంఖ్యతో గుణించాలి. దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చే సెకన్లని సంవత్సరాల్లోకి మార్చండి, సుమారు 1400 కోట్ల సంవత్సరాలు వస్తుంది. విస్తరణ వేగం ఎప్పుడూ ఒకేలా లేదు. మొదట మందగించింది, తర్వాత పుంజుకుంది. అవన్నీ కలిపి లెక్కిస్తే శాస్త్రవేత్తలు చెప్పే వయసు 1380 కోట్లు. విశ్వం వయసు తన నోట్‌బుక్కులో తేలినప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడాలి.

"ఎవరు చూశారు" అన్న ప్రశ్నకి నేను మా ఇంటి డాబా మీది నుంచి మొదలుపెడతాను. మా చిన్నప్పుడు టీవీ సరిగ్గా రాకపోతే నేను పైకెక్కి యాంటెన్నా తిప్పేవాణ్ణి. "వచ్చిందా?" "రాలా, ఇంకొంచెం తిప్పు!" అని కింద నుంచి మా అక్క కేక. బొమ్మ లేనప్పుడు తెర నిండా తెల్ల చుక్కలు, బుస్సుమని చప్పుడు ఉండేవి కదా. ఆ చుక్కల్లో ఒక చిన్న వాటా విశ్వం తొలినాళ్ల వెలుగుదని పెద్దయ్యాక చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

మొదట్లో విశ్వం ఎంత వేడిగా ఉండేదంటే పరమాణువులు ఏర్పడేవి కావు. విడివిడిగా తిరిగే ఎలక్ట్రాన్లు కాంతిని అడుగడుగునా అడ్డుకునేవి, మంచు దట్టంగా కమ్మిన తెల్లవారుజామున లారీ లైటు చెదిరిపోయినట్టు. దాదాపు 3.8 లక్షల సంవత్సరాలకి వేడి సుమారు 3000 కెల్విన్‌ల దాకా దిగింది (కెల్విన్ లెక్కలో సున్నా అంటే సుమారు మైనస్ 273 సెల్సియస్). ఎలక్ట్రాన్లు కేంద్రకాలతో కలిసి పరమాణువులయ్యాయి, మంచు విడింది, కాంతికి దారి దొరికింది. అప్పుడు బయల్దేరిన కాంతి ఇప్పటికీ ప్రయాణిస్తోంది. అప్పటి నుంచి చోటు సుమారు 1100 రెట్లు సాగింది కాబట్టి, ఆ కాంతి కూడా అన్ని రెట్లూ సాగి కంటికి కనిపించని మైక్రోవేవ్ అయింది. 3000ని 1100తో భాగించమనండి, 2.7 వస్తుంది. కెల్విన్‌లలో ఈ రోజు ఆకాశమంతటా కొలిస్తే దొరికే ఉష్ణోగ్రత అదే, సుమారు మైనస్ 270 సెల్సియస్.

దాన్ని పట్టుకున్నవాళ్లు దాని కోసం వెతకలేదు. 1964లో అమెరికాలో న్యూజెర్సీలో పెన్జియాస్, విల్సన్ అనే ఇద్దరు ఒక పెద్ద కొమ్ము ఆకారపు రేడియో యాంటెన్నాతో పనిచేస్తుంటే ఒక సన్నని రొద వదల్లేదు. ఎటు తిప్పినా అదే, పగలూ రాత్రీ అదే. యాంటెన్నాలో పావురాలు గూడు కట్టుకుంటే వాటిని పట్టి బయటికి పంపారు, రెట్టలన్నీ కడిగారు. అయినా రొద పోలేదు. అక్కడికి దగ్గర్లోనే ప్రిన్స్‌టన్‌లో ఒక బృందం సరిగ్గా ఈ కాంతి కోసమే పరికరం తయారుచేసుకుంటోంది. రెండు జట్లకీ ఫోన్ కలిసింది, ఆ రొద ఈ కాంతేనని తేలింది. 1978లో పెన్జియాస్, విల్సన్‌లకి నోబెల్ వచ్చింది.

ఇంకొక సాక్ష్యం ఉంది, అది మా జిల్లా పేరుతో ముడిపడింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు, మద్రాసు అబ్జర్వేటరీ ఖగోళశాస్త్రవేత్త పోగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. సూర్యుడి అంచున లేచే మంటల కాంతిని విడదీసి చూశారు. ఆ కాంతిలోని ఒక పసుపు గీత భూమి మీద అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళశాస్త్రవేత్త గుర్తించాడు. అదే హీలియం. విశ్వంలోని మామూలు పదార్థం బరువులో దాదాపు నాలుగో వంతు ఈ హీలియమే. అంత హీలియం నక్షత్రాల్లో తయారవడానికి 1380 కోట్ల సంవత్సరాలు చాలవు. అందులో చాలా భాగం మొదటి కొద్ది నిమిషాల్లోనే తయారైంది. అప్పటికి ఏడు ప్రోటాన్లకి ఒక న్యూట్రాన్ చొప్పున మిగిలాయి. అంటే రెండు న్యూట్రాన్లకి పద్నాలుగు ప్రోటాన్లు. రెండూ రెండూ కలిస్తే ఒక హీలియం, బరువు నాలుగు. మొత్తం పదహారులో నాలుగు, అంటే పావు వంతు. ఆకాశంలో కొలిచినా అంతే వస్తోంది. నన్ను ఈ సిద్ధాంతానికి కట్టిపడేసింది ఈ చిన్న కూడిక.

ఇక "అంతకు ముందు ఏముంది" అన్నదానికి బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం జవాబు చెప్పదు. ఏమీ లేనిచోట నుంచి అన్నీ పుట్టాయని కూడా అది అనదు. వేడిగా, కిక్కిరిసి ఉన్న స్థితి నుంచి విశ్వం ఎలా సాగి చల్లబడిందో చెబుతుంది. ఇంకా వెనక్కి, మొట్టమొదటి క్షణం దాకా వెళ్తే మన దగ్గరున్న సమీకరణాలు పనిచేయవు. మీ అబ్బాయికి ఇది దాచకుండా ఇలాగే చెప్పండి. మా పిల్లల్లో ఈ మాట విని నిరాశపడిన వాళ్లు ఎవరూ లేరు. "అయితే అది మేం కనిపెట్టొచ్చా సార్" అని అడిగినవాళ్లు ఉన్నారు.

ట్యూబు మాత్రం మీరు కొయ్యకండి, తననే కొయ్యనివ్వండి. కత్తెర పదునుగా ఉండాలి, పట్టీ వేలెడు వెడల్పుకి మించకూడదు. లావుగా కోస్తే పిల్లల బలానికి సాగదు.