పరవాడ ఉద్యోగమా, పొరల ప్రాజెక్టా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఇనార్గానిక్ కెమిస్ట్రీ రెండో ఏడాది. మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొరల మధ్యకి వెనేడియం ఆక్సైడ్ అయాన్లు ఎక్కించే ప్రాజెక్టు చేస్తానంటోంది. పరవాడ ఫార్మా సిటీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్ష) ఉద్యోగానికి పనికొచ్చేది తీసుకోమని నేనంటున్నాను. ఎవరి మాట సరైంది?
- గాజువాక నుంచి ఒక తండ్రి

జవాబు: అమ్మాయిని చెయ్యనివ్వండి. అయితే ముందు గైడ్‌ని ఒక్క మాట అడిగి రమ్మనండి: ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రే కిరణాలతో పదార్థంలోని అమరికని చూసే పరీక్ష) తన చేత్తో తీయనిస్తారా, లేక శాంపిల్ బయటికి పంపి రిపోర్టు తెప్పిస్తారా?

ఎందుకంటే ఈ పనిలో చదువంతా అక్కడే ఉంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పొరల్లో కొన్నిచోట్ల అల్యూమినియం చేరితే పొరకి ధనావేశం వస్తుంది. దాన్ని సరిచేయడానికి మధ్యలోకి ఋణ అయాన్లు వస్తాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల కార్బనేట్ చేరిందా, ఇక పట్టు వదలదు. అందుకే నీళ్లు మరిగించి, గాలి తగలకుండా నైట్రోజన్‌లో ముందు మధ్యలో నైట్రేట్ అయాన్లున్న రూపం చేసుకుంటారు, తర్వాతే వాటి స్థానంలో వెనేడియం అయాన్లు ఎక్కిస్తారు. అసలు చిక్కు డెకావెనడేట్ అనే ఆ వెనేడియం అయాన్‌తోనే వస్తుంది. పది వెనేడియాలు, ఇరవై ఎనిమిది ఆక్సిజన్లు, ఆరు ఋణావేశాలున్న ఈ అయాన్ ఆమ్లంలో నిలుస్తుంది. పొరలేమో ఆమ్లంలో కరుగుతాయి! పీహెచ్ 4.5 దగ్గర ఆ రెంటినీ కాపాడుకోవాలి. ఫలితం చెప్పేది ఎక్స్‌ఆర్‌డీయే. కార్బనేట్‌తో 7.7 ఆంగ్‌స్ట్రామ్‌లున్న (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు) పొరల దూరం, డెకావెనడేట్‌తో సుమారు 12కి పెరగాలి. అంటే ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫులో మొదటి పీక్ (శిఖరం) 11.5 డిగ్రీల కోణం నుంచి 7.4 దగ్గరికి జరగాలి. పక్కన వెడల్పాటి మరో పీక్ కనిపిస్తే, అది పొరలు కరిగి ఏర్పడిన లవణమేమోనని అనుమానించాలి. 1988లో అమెరికాలో రసాయన శాస్త్రవేత్త పిన్నవాయా బృందం జింక్, అల్యూమినియం పొరలతో ఇలాంటి పనే చేసింది.

నా దగ్గరికొచ్చే పిల్లలు చక్కటి గ్రాఫులు తెస్తారు. ఈ పీక్ ఎందుకొచ్చిందమ్మా అంటే తలొంచుకుంటారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

క్యూసీకీ ఇది వృథా కాదు. పీహెచ్ మీటరు క్యాలిబ్రేషన్, లాగ్‌బుక్ అక్కడా కావాలి. మందు ఏ స్ఫటిక రూపంలో ఉందో తేల్చడానికీ ఎక్స్‌ఆర్‌డీయే వాడతారు. సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారీలోనూ వెనేడియమే ఉత్ప్రేరకం. పరిశోధన వైపు మనసుంటే సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయించండి; జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు.

వెనేడియం విషపదార్థం, గ్లౌజులు మరవొద్దని చెప్పండి. గైడ్ మాత్రం శాంపిళ్లు బయటికే పంపుతామంటే, అప్పుడు మీ మాటే వినమనండి.