అడవి, నేల, వెర్రి: మొక్కల పేర్లలో ముందు మాటలు

సందేహం: కాలేజీ పిల్లలను అనంతగిరి, అరకు కొండలకు తీసుకెళ్లి వాగుల వెంట, పచ్చికలో పూచే పూలను గుర్తుపట్టించాలని అనుకున్నాం. చీటీల మీద తెలుగు పేర్లు రాస్తుంటే చిక్కొచ్చింది. అడవినాభి, నేలతాడి, వెర్రి నువ్వులు... ఈ ముందు మాటలన్నిటికీ అర్థం ఒకటేనా? అన్నిటినీ అడవిపూలు అనేయొచ్చా? వాగు అని రాయాలా, గెడ్డ అనా? పేర్లలోని రెండు మాటలనూ కలిపి రాయాలా, విడిగానా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: ఒకటి కాదండీ. ‘నేల’ మొక్క ఎత్తును చెబుతుంది. ‘అడవి’ అది పెరిగే చోటు చెబుతుంది. ‘వెర్రి’ అంటే మనిషి దాన్ని ఒక మెట్టు తక్కువ చేసి చూశాడన్నమాట. ఇక రెండో మాట దగ్గరే పిల్లలు పొరబడతారు. అది చాలాసార్లు పోలికే తప్ప చుట్టరికం కాదు.

నేలతాడినే తీసుకోండి. వానలు పడ్డాక గడ్డిలోంచి మడతలు పడ్డ నాలుగైదు ఆకులు లేస్తాయి, అచ్చం తాటి మొలకే. ఆకుల్ని పక్కకు తప్పిస్తే, మొదట్లో దాదాపు మట్టిని ఆనుకుని ఆరు రేకుల పసుపు పువ్వు కనిపిస్తుంది. తాడిచెట్టుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నేలవేమూ అంతే, వేపకూ దానికీ కలిసింది చేదు ఒక్కటే. కానీ నేల ఉసిరి నిజంగానే ఉసిరికి చుట్టం. శాస్త్రజ్ఞులు రెండిటినీ ఫిల్లాంథస్ అనే ఒకే ప్రజాతిలో పెట్టారు. పేరు ఒకచోట నిజం చెప్పి, ఇంకోచోట పోలికతో సరిపెడుతుంది కాబట్టి పేరు చూసి మొక్కను తేల్చేయకూడదు.

అడవినాభి విషయంలో ఈ జాగ్రత్త ప్రాణానికి సంబంధించింది. నాభి అంటే వసనాభి, హిమాలయాల వైపు దొరికే విషపు దుంప. మన కొండల్లో దుంప విషమైన తీగ కనబడితే మనవాళ్లు దానికి అడవినాభి అని పేరు పెట్టారు. పొత్తిదుంప అన్నా, సంస్కృతంలో అగ్నిశిఖ అన్నా ఇదే. రెండు మొక్కల కుటుంబాలు వేరు, కలిసింది విషం దగ్గరే. గుర్తుపట్టడానికి ఆకు కొన చూడండి. అది సన్నగా సాగి నులితీగలా చుట్టుకుని పక్క కొమ్మను పట్టుకుంటుంది. పువ్వు కిందికి వేలాడుతుంది, అలలు అలలుగా ఉన్న ఆరు రేకులు మాత్రం వెనక్కి విరుచుకుని పైకి లేస్తాయి. మొదట పసుపు, పచ్చ కలిసిన రంగు, రోజులు గడిచేకొద్దీ ఎరుపు. మొక్క అంతటా, ముఖ్యంగా దుంపలో, కోల్చిసిన్ అనే విషం ఉంటుంది. చీటీ మీద ‘దుంప ముట్టవద్దు’ అని కూడా రాయండి, దయచేసి.

వెర్రి నువ్వులంటే అరకులో అందరూ ఫోటోలు దిగే ఆ పసుపు తోటలే. రైతులు వలిసెలు అంటారు. విత్తనం చల్లి, పండించి, నూనె తీసే పంట అది, పైగా పుట్టినిల్లు ఇథియోపియా. కాబట్టి దాన్ని అడవిపువ్వు అనడం తప్పు. నా మటుకు ‘వలిసె’ అనే రాస్తాను. వెర్రిపుచ్చ చేదు కాబట్టి దానికి ఆ మాట తగిలిందంటే ఒప్పుకోవచ్చు, ఇంత అక్కరకొచ్చే గింజను వెర్రిది అనడానికి నాకు మనసొప్పదు. అలాగే లాంటానా, వయ్యారిభామ ఎక్కడ పడితే అక్కడ వాటంతటవే మొలిచినా అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. ఈ మన్నులో పుట్టినవాటిని విడిగా చూపాలంటే ‘స్థానిక అడవిపూలు’ అనండి. ‘దేశవాళీ’ని ఆవులకు, వరి రకాలకు వదిలేద్దాం, పెంచేవాటికి పండించేవాటికి వాడే మాట అది. ‘పిచ్చిపూలు’ అసలే వద్దు. మనకు అక్కర్లేని చోట మొలిస్తే పిచ్చిమొక్క అంటాం, కొండమీద పువ్వు తన చోటే తానుంది.

గెడ్డ నిక్షేపంగా రాయండి. మేహాద్రి గెడ్డ పేరు విశాఖలో వినని వారుండరు. వేరే జిల్లాల పిల్లలుంటే గడ్డ అని చదువుకునే ప్రమాదం ఉంది, అందుకని మొదటిసారి మాత్రం ‘గెడ్డ, అంటే వాగు’ అని రాస్తే చాలు. గడ్డి పెరిగిన చోటును ‘పచ్చిక బయలు’ అనండి. ‘బీడు’ అంటే సాగు లేక వదిలేసిన భూమి అనే అర్థం వస్తుంది.

కలిపి రాయాలా, విడిగానా అని కూడా అడిగారు. నేలతాడి, నేలవేము ఎప్పుడూ కలిపే. అడవినాభి ఎలా రాసినా తప్పు లేదు. నేల ఉసిరిని సంధి చేసి నేలుసిరి అనేవాళ్లూ ఉన్నారు గానీ, చీటీ మీద విడిగా ఉంటేనే పిల్లలు తడుముకోకుండా చదువుతారు.