ఎండలు మొదలయ్యాయని సగం అల్లిన స్వెటర్‌ను అటక ఎక్కించకండి

పర్లాకిమిడి నుంచి మీరు అడిగిన సంగతి ఇది: స్వెటర్ వీపు భాగం అయింది, ముందు భాగం సగంలో ఉంది, సాక్స్ ఒకటి మడమ దగ్గర ఆగింది. ఫాల్గుణం వచ్చేసింది కాబట్టి అన్నీ సంచిలో పెట్టి కార్తీకంలో తీస్తే సరిపోతుందా?

నా అనుభవంతో చెబుతున్నాను, అలా చేయకండి. మేముండేది కోరాపుట్‌లో. ఊరు దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మామిడి పూత వచ్చాక కూడా తెల్లవారుజామున మాకు చలి ఉంటుంది. అయినా రెండేళ్ల కిందట మా వారి స్వెటర్ ముందు భాగాన్ని సూదులతో సహా అటక మీద పెట్టేశాను. వానలన్నీ అయ్యాక దసరాలకు తీస్తే ముక్కిపోయిన వాసన. సూదుల మీదున్న వరస సాగిపోయింది. దానిమీదే అల్లుకుంటూ పోతే అడ్డంగా ఒక గీత కనబడింది, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. చివరికి విప్పేశాను. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

అందుకని మీ ముందు భాగాన్ని ఈ నెలలోనే, ఎండ ఎక్కకముందే కూర్చుని పూర్తి చేయండి. అయితే ఒకటి చూసుకోవాలి. చెమట చేతికి ఊలు పట్టేస్తుంది, మనకు తెలియకుండానే కుట్టు బిగుస్తుంది. నా చేతికి జనవరిలో 10 నంబరు సూదులతో పది సెంటీమీటర్లకు 24 కుట్లు వస్తే, ఏప్రిల్‌లో 26 వచ్చాయి. రెండే కదా అనిపిస్తుంది. 96 కుట్ల వెడల్పు లెక్కేయండి: 40 సెంటీమీటర్లు రావాల్సింది 37 దగ్గర ఆగుతుంది. వీపు ఒక కొలత, ముందు ఒక కొలత అయితే పక్కలు కలిపేటప్పుడు లాగుతుంది. పొడిబట్టతో చేతులు తుడుచుకుంటూ నాలుగైదు అంగుళాలకోసారి కొలవండి. బిగుస్తోందని తేలితే 9 నంబరు సూదికి మారండి. మన దుకాణాల్లో దొరికే సూదులకు నంబరు తగ్గితే లావు పెరుగుతుంది, అది మర్చిపోవద్దు.

స్వెటర్ చేతులు మాత్రం ఏప్రిల్‌కు ఉంచుకోవచ్చు. ఒళ్లో దుప్పటిలా పరుచుకోవు, ఉక్క అనిపించదు.

ఎండాకాలానికి అసలైన పని సాక్సులే. మడమ దగ్గర భయపడకండి, లెక్క చూస్తే ధైర్యం వస్తుంది. మొత్తం 64 కుట్లు అనుకుంటే సగం, అంటే 32 కుట్ల మీద 32 వరసలు ప్లెయిన్ (సూటి కుట్టు), పర్ల్ (ఉల్టా కుట్టు) మార్చి మార్చి అల్లాలి. ప్రతి వరసలో మొదటి కుట్టును అల్లకుండానే ఒక సూది నుంచి రెండో సూదికి మార్చుకోవాలి. అలా చేస్తే అంచున గొలుసులా 16 కుట్లు కనబడతాయి. మడమ తిప్పాక, అంటే పొట్టి వరసలతో కుట్లు తగ్గిస్తూ మడమకు వంపు తెచ్చాక, 18 మిగులుతాయి. రెండు పక్కలా 16 చొప్పున ఎత్తుకుని, పాదం మీది 32 కలిపితే 82. ఇన్ని ఎక్కువయ్యాయేమిటని నేను మొదటిసారి ఇక్కడే ఆపేశాను. తప్పేమీ జరగలేదు. వరస విడిచి వరస, రెండు పక్కలా ఒక్కొక్కటి తగ్గిస్తూ పోతే తొమ్మిది తగ్గింపులకు మళ్లీ 64కు వస్తారు. రెండో సాక్స్ మడమ కూడా ఆ వారంలోనే అల్లేయండి, చేతి బిగువు ఒకేలా ఉంటుంది.

ఏదైనా పక్కన పెట్టక తప్పకపోతే సూదుల మీద వదలొద్దు. చలికాలం మా బజారులో స్వెటర్లు అమ్మే టిబెటన్ అక్క ఒకరు నాకు చూపించారు: కుట్లన్నిటినీ వేరే రంగు నూలు దారం మీదికి ఎక్కించి ముడి వేయాలి. మీ గజపతి జిల్లా చంద్రగిరిలో టిబెటన్లు 1963 నుంచి ఉన్నారు కదా, ఊలు పని తెలిసినవాళ్లు దొరికితే ఒకసారి పక్కన కూర్చుని చూడండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పై రెండు వరసలు విప్పి అల్లితే గీత పడదు. ఎన్నో వరసలో ఆపారో చీటీ రాసి దానికే గుచ్చండి.

మీ మడమ ఏ వరసలో ఆగిందో, సూదుల మీద ఎన్ని కుట్లున్నాయో రాయండి. తర్వాతి వరస ఎలా అల్లాలో చెబుతాను.