నిషిద్ధ దేవుడి కథ రాస్తున్న తమ్ముడికి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ, ఆ లోకం గురించి విడిగా రాసుకున్న నోట్సు రెండూ చదివాను. నీకు భాష ఉంది. యుద్ధం రాస్తే దుమ్ము కళ్లలో పడ్డట్టుంది. కానీ అసలైన చోట, ఆ నిషిద్ధ దేవుడి దగ్గర, కథ బలం తగ్గింది. ఆయన మహిమలు, ఆగ్రహం, పూర్వగాథ పేజీలకు పేజీలు రాశావు. ఆయన పూజను ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అన్నది మాత్రం చక్రవర్తి దుర్మార్గుడు అని ఒక్క ముక్కలో తేల్చేశావు. దేవుణ్ణి కొంచెం తగ్గించి నిషేధాన్ని రాయి నాయనా. కథంతా అక్కడే ఉంది.

స్కైరిమ్ అనే వీడియో గేమ్ ఆడుతూ పెరిగానన్నావు కదా, అదే తీసుకో. 2011లో వచ్చిన ఆ గేమ్‌లో టాలోస్ ఒకప్పుడు మనిషి. టైబర్ సెప్టిమ్ అనే చక్రవర్తి, పోయాక తొమ్మిదో దేవుడయ్యాడని నమ్మకం. ఆ సామ్రాజ్యంతో యుద్ధం చేసిన ఎల్ఫ్ జాతి పాలకులు థాల్మోర్‌లు. మనిషిని దేవుడనడం వాళ్లకు గిట్టదు. ఆ మహాయుద్ధం చివర కుదిరిన వైట్-గోల్డ్ ఒప్పందంలో ఆ పూజ మానాలని షరతు పెట్టారు. రెండో టైటస్ మీడ్ చక్రవర్తి సంతకం చేశాడు. టాలోస్ మీద కోపంతో కాదు, సైన్యం చితికిపోయింది కాబట్టి. ఆ నిషేధం పుట్టింది ఏ గుళ్లోనూ కాదు, సంధిపత్రంలో. నీ చక్రవర్తికి కూడా ఇలాంటి అవసరం ఒకటి కావాలి. అప్పుడు అతణ్ణి తిట్టుకుంటూనే పాఠకుడు అతని వైపు నుంచి కూడా ఆలోచిస్తాడు.

ఆ తర్వాతది ఇంకా బాగుంటుంది. చట్టం వచ్చినా మొదట్లో ఎవరూ పట్టించుకోలేదని, ఇంటింటా టాలోస్‌కు చిన్న పూజాస్థానం ఉండేదని రివర్‌వుడ్ అనే ఊరి కమ్మరి చెబుతాడు. స్కైరిమ్‌లోని నార్డ్ జాతి నాయకుడు ఉల్ఫ్రిక్, చేజారిన మార్కార్త్ నగరాన్ని తిరిగి పట్టిచ్చి, దానికి బదులుగా బహిరంగ పూజకు మాట తీసుకున్నాడు. సంగతి థాల్మోర్ చెవిన పడింది. అక్కణ్ణుంచి ఉచ్చు బిగిసింది. ఇంట్లో గుట్టుగా జరిగినన్నాళ్లు అందరూ చూసీ చూడనట్టున్నారు, హక్కుగా అడిగేసరికి అరెస్టులు మొదలయ్యాయి. థాల్మోర్ రాయబార భవనంలో ఉల్ఫ్రిక్ మీద ఒక ఫైలు దొరుకుతుంది, గుర్తుందా? తర్వాత అతను లేపిన తిరుగుబాటు గెలవడం వాళ్లకూ ఇష్టం లేదు. కొట్లాట ఎటూ తెగకుండా సాగాలి, వాళ్లకు కావలసింది అంతే. మత రాజకీయం గురించి ఇంత సూటిగా చెప్పిన కాగితం గేముల్లో నేను మరొకటి చూడలేదు.

ఆ గేమ్‌లో రెండు చిన్న వస్తువులు దగ్గరగా చూడు. సాలిట్యూడ్ నగరపు గుళ్లో తొమ్మిది స్థానాల్లో ఒకటి ఖాళీ. పూజారి నోరు విప్పక్కర్లేదు, చూస్తే చాలు. రెండోది టాలోస్ తాయెత్తు. ఆటలో అరుపే మంత్రశక్తి; అది మెళ్లో వేసుకుంటే ఒక అరుపుకీ ఇంకో అరుపుకీ మధ్య ఆగాల్సిన సమయం 20 శాతం తగ్గుతుంది. భక్తి లేని ఆటగాడికి కూడా అది కావాలనిపిస్తుంది. దారిలో థాల్మోర్ మనుషుల కంట పడితే మాత్రం నిలదీస్తారు. ఆశా భయం రెండూ ఒక్క తాయెత్తులో పెట్టారు. నీ దేవుడి గుర్తుగా నువ్వు పెట్టిన ఎర్రదారం ఊరికే మెరుస్తోంది తప్ప దానివల్ల ఎవరికీ ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు.

నీ తిరుగుబాటుదారులందరూ పుణ్యాత్ములే కావడం కూడా నాకు నచ్చలేదు. టాలోస్ కోసం ప్రాణాలిచ్చే నార్డ్‌ల విండ్‌హెల్మ్ నగరంలోనే డార్క్ ఎల్ఫ్‌లు గ్రే క్వార్టర్ అనే మురికివాడలో పడి ఉంటారు. తన దేవుడి స్వేచ్ఛ కోసం పోరాడేవాడు పక్కవాడి మీద దయగా ఉంటాడని రూలేమీ లేదు.

ఇక మన దగ్గరికి రా. ఒక ఆదివారం జైన క్షేత్రం శ్రవణబెళగొళ వెళ్లు, ఇక్కణ్ణుంచి మూడు గంటలు కూడా పట్టదేమో. అక్కడ 1368 నాటి బుక్కరాయల శాసనం ఉంది. జైనులకూ శ్రీవైష్ణవులకూ గొడవ వచ్చి, జైనులు రాజు దగ్గర మొరపెట్టుకున్నారు. రాజు జైనుల చేతిని వైష్ణవుల చేతిలో పెట్టి, రెండు దర్శనాలకూ భేదం లేదన్నాడు. జైనులకు పంచమహావాద్యాలు, కలశం పూర్వంలాగే చెల్లుతాయన్నాడు. చూడు, మోక్షం గురించి ఒక్క మాట లేదు. ఎవరి ఊరేగింపులో ఏ వాద్యం మోగాలి అన్నదే తగవు. తీర్పులో డబ్బు లెక్క కూడా ఉంది. జైనుల ఇంటికి ఏడాదికో హణం (ఆనాటి నాణెం) చొప్పున వసూలు చేసి, వైష్ణవుడైన తిరుమల తాతయ్య ఆ సొమ్ముతో బెళగొళ దేవుడికి ఇరవై మంది కాపలావాళ్లను పెట్టాలి, మిగిలినదాంతో పాడుబడ్డ జినాలయాలకు సున్నం వేయించాలి.

జైనుల డబ్బు, వైష్ణవుల పెత్తనం, కాపలా జినుడికి! ఇది చదివినప్పటి నుంచి ఆ ఇరవై మందిలో ఒకడు నా బుర్రలో తిరుగుతూనే ఉన్నాడు. వాణ్ణి నీకిస్తున్నాను. నీ మూడో అధ్యాయంలో పూజారి మంటల్లో దూకే ఘట్టం తీసెయ్. దాని బదులు, నిషిద్ధ దేవుడి గుడి ముందు ప్రభుత్వ జీతం మీద నిలబడ్డ కాపలావాణ్ణి పెట్టు. వాడికి ఆ దేవుడి మీద నమ్మకం లేదు. జీతం ఆలస్యమైంది. వాడి పిల్లకి జ్వరం. ఆ రాత్రి భార్య వచ్చి, తలుపు ఒక్క నిమిషం తియ్యమని అడుగుతుంది. తీస్తాడా తియ్యడా అన్నది నువ్వే తేల్చి, ఆ అధ్యాయం వరకూ నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అక్క