చవితినాడు ఆగిపోయిన మూడో గుంజీ

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న వినాయక చవితినాడు పిల్లలతో పాటు నువ్వూ చెవులు పట్టుకుని గుంజీలు తీశావు. మొదటిది బాగానే తీశావు. రెండోదానికి నీ కుడిచేయి చెవి వదిలేసి గోడ పట్టుకుంది. మూడోది తీయకుండానే దండం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయావు. ఎవరూ చూడలేదనుకున్నావేమో, నేను చూశాను. ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో డ్రిల్ టీచరుగా ఉన్నదాన్ని, నా కళ్లు ముందు మోకాళ్ల మీదికే పోతాయి. నీకింకా 36 నిండలేదు తల్లీ. బస్కీలు, అంటే చెవులు పట్టుకోకుండా గుంజీల్లాగే కూర్చుని లేవడం, మొదలుపెట్టమని ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావని ఇలా రాస్తున్నాను.

మాదాపూర్ ఆఫీసులో తొమ్మిది గంటలు కుర్చీ, మెట్రోలో సీటు, ఇంటికొస్తే సోఫా. పొద్దున లేస్తే కమోడ్. రోజు మొత్తంలో నీ మోకాలు పూర్తిగా వంగే పని ఒక్కటీ లేదు. కాచిగూడ ఇంట్లో మీ అమ్మమ్మ కత్తిపీట ముందు, చాకిరేవు బండ దగ్గర, ముగ్గు గిన్నెతో వాకిట్లో గొంతుక్కూర్చుని లేస్తూనే ఉండేది. దాన్ని ఎవరూ వ్యాయామం అనలేదు. ఫ్లాటుకి మారాక అన్నీ నడుం ఎత్తుకి వచ్చేశాయి. సుఖపడాల్సిన వయసే, కాదనను. కానీ ఐదేళ్లు తిరగకుండానే ఒకరోజు బాత్రూం లోపలి నుంచి "ఎవరన్నా రండే, లేవలేకపోతున్నా" అని పిలిచింది. ఆ గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది. జబ్బేమీ లేదు. తొడల్లో కండ కరిగిపోయింది, అంతే.

ముప్పై దాటాక, వాడకపోతే కండ పదేళ్లకి నూటికి మూడు నుంచి ఎనిమిది వంతుల దాకా తగ్గుతుందంటారు. ఆడవాళ్లకి నెలసరి ఆగాక ఎముక కూడా పలచబడుతుంది. ఈ రెంటికీ మందు బరువు మోయడమే. నువ్వు కేబీఆర్ పార్కులో నడుస్తున్నావు, మంచిదే, గుండెకి కావాలి. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ నడకతో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పమంటుంది. ఆ రెండో మాట మనవాళ్లెవరూ పట్టించుకోరు.

బస్కీ ఆ పనిని ఒక్క కదలికలో చేస్తుంది. తొడ ముందు కండ, వెనక కండ, పిరుదులు, నడుం, పొట్ట అన్నీ కలిసి పట్టాలి. ఒంట్లో పెద్ద కండలు చాలావరకు అక్కడే. అవి పనిచేసేటప్పుడు రక్తంలోని చక్కెరని ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే లాక్కుంటాయి. మీ నాన్నవైపు అందరికీ షుగర్ ఉంది కాబట్టి నీకు ఇది మరీ ముఖ్యం. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచినప్పుడు బళ్లో పిల్లలకి చెప్పాను, ఆమె చేతులు కాదు, కాళ్లు చూడండే అని. 130 కిలోల బార్‌ని భుజాల మీదికి పట్టి, కింద నుంచి పైకి లేచింది. ఆ లేవడమే బస్కీ.

ఒక సంగతి నన్నిప్పటికీ బాధపెడుతుంది. ఆలస్యంగా వచ్చిన పిల్లలతో నేను శిక్షగా బస్కీలు తీయించేదాన్ని. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల వంద తీసి, మర్నాడు మెట్లు దిగలేక గోడకి ఆనుకుని ఏడ్చింది. అలవాటు లేని ఒంటితో ఒక్కసారిగా అన్ని తీస్తే కండ దెబ్బతిని, ఒక్కోసారి మూత్రం నల్లగా వచ్చి కిడ్నీలకి ముప్పు అవుతుందని తర్వాత తెలిసింది. ఆ పిల్లకి అంత కాలేదు, దేవుడి దయ. ఇంత మంచి పనిని ఎంతమందికి భయంగా నేర్పానో. నీకు అలా చెప్పను.

నువ్వు కుర్చీతో మొదలుపెట్టు. డైనింగ్ కుర్చీ గోడకి ఆనించి, దాని ముందు పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, వేళ్లు కాస్త బయటికి తిప్పు. ముందు పిరుదులు వెనక్కి పోవాలి, తర్వాత మోకాళ్లు వంగాలి. మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా దిగి, కుర్చీ తగలగానే మడమలతో నేలని నొక్కుతూ లే. లేచేటప్పుడు ఊపిరి వదులు, బిగబట్టకు, బీపీ పెరుగుతుంది. నీ తప్పు ఎక్కడో చవితినాడే కనిపించింది. లేచేటప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి వాలుతున్నాయి. అవి కాలివేళ్ల వైపే చూడాలి, అద్దం ముందు తీస్తే నీకే తెలుస్తుంది. మోకాలు వేళ్లు దాటి ముందుకి పోకూడదని జిమ్‌లో చెబుతుంటారు. కొంచెం దాటితే ఏమీ కాదు, బలవంతంగా ఆపితే ఆ భారం నడుం మీద పడుతుంది. మడమలు లేచిపోతుంటే చీలమండలు బిగుసుకుపోయాయన్నమాట, మడమల కింద పలచటి చెక్క పెట్టుకో.

ఎనిమిది తీసి, రెండు నిమిషాలు ఆగి, ఇంకో ఎనిమిది. రోజు విడిచి రోజు చాలు. తొడలు ఒకటి రెండు రోజులు సలిపితే భయపడకు. మోకాలి లోపల సూదిలా పొడిచినా, వాచినా ఆపేసి ఎముకల డాక్టరుకి చూపించు. మూడు వారాలయ్యాక కుర్చీ తీసేసి చిన్న పీట పెట్టు. అది తేలికయ్యాక ఐదు కిలోల బియ్యం సంచి గుండెలకి హత్తుకుని తియ్యి.

ఈ ఆదివారం పొద్దున అమ్మని తీసుకుని రా, టిఫిన్ ఇక్కడే. దాన్నీ ఒకసారి చూడాలి. చేతులు గుండెల మీద కట్టుకుని, అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలదో లెక్కపెడదాం. 60 నుంచి 64 మధ్య ఆడవాళ్లు పన్నెండు కూడా లేవలేకపోతే కాళ్లలో బలం తగ్గినట్టు. దానికి 61. తక్కువొస్తే ఇద్దరికీ కలిపి నేనే మొదలుపెట్టిస్తాను. కాళ్లకి బూట్లు అక్కర్లేదు, సల్వార్ మాత్రం వదులుగా ఉన్నది వేసుకో.

మీ పెద్దమ్మ